పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టారు?

(ఆగస్టు 29న మన సంఘం జరిపిన తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యంలో, సంగీతంలో పేరు గడించిన మహనీయుల జయంతులు, వర్ధంతుల గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను పండితుణ్ణి కాను. ముప్ఫై నాలుగేళ్లు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో కూర్చుని 2003లో దిగిపోయినవాణ్ణి. కావ్యాలకంటే సర్వీసు రిజిస్టర్లు ఎక్కువ చదివాను. అందుచేత మహనీయుల గొప్పతనం గురించి కాక, నాకు కాస్త తెలిసిన ఒక్క విషయం గురించే మనవి చేస్తాను. అది పుట్టిన తేదీ అనే కాలమ్ గురించి. ఆ కాలమ్ ఎవరు నింపారు, ఎలా నింపారు, నింపకపోతే ఏమయింది అన్నదే నా ప్రసంగం.

మనలో చాలామందికి రెండు పుట్టినరోజులున్నాయి. ఒకటి అమ్మ చెప్పింది. "నువ్వు అట్లతద్ది వెళ్లిన మూడో నాడు, తెల్లవారుజామున పుట్టావురా" అని. రెండోది హెడ్మాస్టరుగారు ఇచ్చింది. బళ్లో వేసే రోజున నాన్నగారు తేదీ చెప్పలేకపోతే, ఆయన పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి జూలై 1 అని రాసేసేవారు. నా చేతిమీదుగా వెళ్లిన ఎస్.ఆర్.లలో జూలై 1న పుట్టినవాళ్లు ఎంతమందో! ఒకటో తేదీన పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే రిటైరు కావాలన్నది రూలు. అందుకని జూన్ 30 వచ్చిందంటే మా ఆఫీసులో దండలకు, శాలువాలకు కరువొచ్చేది. అమ్మ చెప్పిన రోజు ఇంట్లో పాయసానికి పనికొచ్చింది. హెడ్మాస్టరుగారి తేదీ జీవితాన్ని నడిపింది. ఉద్యోగంలో చేరడానికి అదే, దిగిపోవడానికి అదే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 80 నిండితే వచ్చే 20 శాతం అదనపు పింఛనుకూ అదే.

ఇందులో నవ్వుకోవలసింది ఉంది, ఆలోచించవలసిందీ ఉంది. నోటిమాటగా ఉన్న తేదీ నిజమైనా నిలవలేదు. కాగితం మీద పడ్డ తేదీ ఉజ్జాయింపుదైనా నిలిచింది. సాహిత్య చరిత్రలోనూ అచ్చంగా ఇదే జరిగింది.

ముందుగా ఒక మాట. మనవాళ్లకు జయంతులు జరుపుకునే అలవాటు లేదని, అది ఇంగ్లీషువాళ్లనుంచి వచ్చిందని కొందరంటారు. అది సగం నిజం. శ్రీరామనవమి, కృష్ణాష్టమి పుట్టినరోజులే కదా. బతికున్న మనిషికి అరవై నిండితే షష్టిపూర్తి, వెయ్యి పున్నములు చూస్తే సహస్ర చంద్ర దర్శనం చేసుకున్నాం. వెయ్యి పున్నములంటే సుమారు 80 ఏళ్ల 10 నెలలు. ఈ సభలో ఆ లెక్క దాటినవారు కొందరున్నారు, దగ్గరపడ్డవారిలో నేనొకణ్ణి. పోయినవారికి మాత్రం పుట్టినరోజు కాదు, పోయిన తిథి ముఖ్యం. ఏటేటా తద్దినం పెట్టాలి గనుక ఆ తిథి ఇంట్లో అందరికీ గుర్తుండేది. పుట్టిన తిథి అమ్మకు గుర్తు. అమ్మతోనే అది పోయేది.

ఇప్పుడు కవుల సంగతికి వస్తాను. మన ఆదికవి నన్నయభట్టు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి ఆస్థానంలో ఉన్నాడు గనుక పదకొండో శతాబ్దివాడని చెప్పగలుగుతున్నాం. ఆ రాజుగారికి పట్టాభిషేకం ఎప్పుడు జరిగిందో శాసనం ఉంది. శక సంవత్సరం 944, అంటే 1022. మాసం, తిథి, వారంతో సహా చెక్కించారు. ఆయనకు భారతం చెప్పిన కవి ఏనాడు పుట్టాడో, ఏనాడు పోయాడో చెప్పే రాగిరేకు ఒక్కటీ మనకు లేదు. రాజుగారికి దస్త్రం ఉంది, కవిగారికి లేదు. వెయ్యేళ్లుగా మనం ఆయన పద్యం చదువుతున్నాం. ఆయన పుట్టినరోజున ఒక దీపం పెడదామంటే ఏ రోజున పెట్టాలో తెలియదు.

వేమన సంగతి ఇంకా విచిత్రం. ఆయన పద్యం రాని తెలుగువాడు లేడు. ఆయన ఏ శతాబ్దివాడన్న దానిమీదే పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈమధ్య కాలంలో జనవరి 19న వేమన జయంతి జరుపుతున్నారు. జరపడం మంచిదే. అది హెడ్మాస్టరుగారు ఇచ్చిన జూలై 1 వంటిదనుకున్నా తప్పులేదు. తేదీ లేని పెద్దమనిషికి ఒక తేదీ ఇచ్చి గౌరవించుకుంటున్నాం.

మరీ పాతకాలం కనుక అలా జరిగిందనుకోకండి. శ్రీశ్రీగారు మన కళ్లముందటి మనిషి. 1983 జూన్ 15న పోయారు. వారి జయంతి ఏప్రిల్ 30 అని జరుపుకుంటున్నాం, పుట్టిన సంవత్సరం 1910 అంటున్నాం. ఆ ఏడాదిలోనే వేరే తేదీలు చెప్పేవారు కూడా ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో, విశాఖపట్నం వంటి ఊళ్లో, అంతటి కవికే ఇలా జరిగితే, మామూలువాళ్ల మాట చెప్పాలా?

మామూలువాళ్ల మాట చెప్పాలనే నేను వచ్చాను. మా ఊళ్లో ఒక హార్మోనిస్టు ఉండేవారు. పేరు చెప్పను, వారి కుటుంబం ఇప్పుడూ ఆ వీధిలోనే ఉంది. నలభై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు. హరిశ్చంద్ర నాటకం ఏ ఊళ్లో వేసినా, తెల్లవారేదాకా శ్రుతి చెదరకుండా కూర్చునేవారు. పేరున్న నటుడికి వన్స్‌మోర్ వస్తే అది నటుడికే వచ్చిందనుకునేవాళ్లం. ఆ రాగాన్ని మళ్లీ అంత ఎత్తునుంచే అందించాల్సిన మనిషి ఆ పెట్టె వెనక ఉన్నాడని ఎవరికీ తట్టేది కాదు.

సినిమాలొచ్చి, నాటకాలు తగ్గి, ఆయనకు రోజులు గడవడం కష్టమైంది. వృద్ధ కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే పింఛనుకు 1986లో దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ కాగితం ఒక ఆఫీసునుంచి మూడుసార్లు తిరిగొచ్చింది. ఏ ఆఫీసో ఇప్పుడెందుకు! మొదటిసారి వయస్సు ధ్రువపత్రం జతపరచలేదన్నారు. ఆయన బడికి వెళ్లినవాడు కాదు, ఆయనకు జూలై 1 కూడా లేదు. రెండోసారి డాక్టరు సర్టిఫికెట్టు పెట్టారు. అందులో 'సుమారు' అని ఉంది, సుమారు పనికిరాదన్నారు. మూడోసారి ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం పెట్టారు. వాళ్లు ఆయనకంటే చిన్నవాళ్లు, ఆయన పుట్టడం వాళ్లెలా చూశారన్నారు. న్యాయంగా చూస్తే అది మంచి ప్రశ్నే! కాని ఆ ప్రశ్న వేసినంతసేపూ ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

ఆయన మా నాన్నగారికి పరిచయస్థుడు కావడంచేత ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "బాబూ, నేను పుట్టలేదని తేల్చారు, ఇంక పోయేదెలాగ?" అన్నారు. నేను ఒకటే అడిగాను. "మీ ఇంట్లో పాత భాగవతంగాని, భారతంగాని ఉందా?" అని. ఎందుకడిగానంటే, పూర్వం చాలా ఇళ్లల్లో పిల్లలు పుట్టినప్పుడు ఇంటి పెద్ద ఆ సంగతి పవిత్రమైన పుస్తకం అట్ట లోపలో, పాత పంచాంగం అంచునో రాసిపెట్టేవారు. ఆయన ఇంట్లో లేదుగాని, అక్కగారి ఇంట్లో అటకమీద ఒక భాగవతం ఉంది. చెదలు అంచులు తినేశాయి. అట్ట లోపల, తడిపి రాసే ఊదారంగు పెన్సిలుతో, వాళ్ల నాన్నగారి చేతిరాత. అయిదుగురు పిల్లలు పుట్టిన వివరం, అందులో ఇద్దరు పోయిన వివరం. మూడో పేరు ఈయనది. రక్తాక్షి నామ సంవత్సరం, కార్తీక మాసం, శుద్ధ ద్వాదశి. సిద్ధాంతిగారిచేత లెక్క కట్టిస్తే 1924 నవంబరు అని తేలింది. ఆ పేజీ నకలుకు సంతకం చేయించి పంపితే పింఛను మంజూరైంది. ఎంతో కాదు. అయినా చివరిదాకా ఆ సొమ్ముతోనే మందులు కొనుక్కున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 2024 నవంబరులో, మా వీధి రామాలయంలో ఆయన శతజయంతి చేసుకున్నాం. నలభైమంది దాకా వచ్చారు. ఒకప్పుడు ఆయన పక్కన పద్యం పాడిన నటుడొకాయన కర్ర పట్టుకుని వచ్చి, గొంతు సహకరించకపోయినా ఒక పద్యం ఎత్తుకున్నారు. ఆయన మునిమనవలకు తమ తాత హార్మోనిస్టని ఆ రోజే తెలిసింది. నూరేళ్ల క్రితం ఒక తండ్రి రాసిన ఒక్క పంక్తి మొదట కొడుకు కడుపు నింపింది, తర్వాత ఊరికి అతణ్ణి జ్ఞాపకం చేసింది. ఆ పంక్తి లేకపోతే పింఛనూ లేదు, శతజయంతీ లేదు.

ఈ పుస్తకం అట్ట సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు తాళ్లపాక వారి రాగిరేకులు గుర్తుకొస్తాయి. అన్నమాచార్యులవారి సంకీర్తనలను వారి కుటుంబంవారు రాగిరేకులమీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారని మీకు తెలుసు. ఆ రేకుల్లో ఒకచోట సంకీర్తనలకు ముందు ఒక వివరం ఉంది. నా వంటివాడికి అది అచ్చంగా సర్వీసు రిజిస్టరులాగే కనబడింది. పదహారేళ్ల వయస్సులో, శక సంవత్సరం 1346, క్రోధి నామ సంవత్సరంలో స్వామి సాక్షాత్కారమై సంకీర్తనలు మొదలుపెట్టారు. ఇది చేరిన తేదీ. శక సంవత్సరం 1424, దుందుభి నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చెప్పారు. ఇది విరమించిన తేదీ. మధ్యలో డెబ్భై ఎనిమిదేళ్ల సర్వీసు! ఇంగ్లీషు లెక్కలో మొదటిది 1424వ సంవత్సరం, రెండోది 1503 ఫిబ్రవరి. చేరేనాటికి పదహారేళ్లు గనుక పుట్టింది 1408 అని లెక్క దొరికింది.

నన్నయగారికి లేని భాగ్యం అన్నమయ్యగారికి ఎలా దక్కింది? మనుమలు, కొడుకులు రాసిపెట్టబట్టి. మనుమడు చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదలో రాశాడు. రేకులు చెక్కించినవాళ్లు తేదీ వేశారు. తర్వాత ఎన్నో తరాలు ఆ రేకులు చీకటి గదిలో పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దిలో మళ్లీ వెలుగు చూశాయి. వాటిని చదివి, పరిష్కరించి, అచ్చువేయించిన పండితుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు. చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రకు విపులమైన పీఠికతో 1949లో ప్రచురణ తెచ్చారు. ఆ మరుసటి సంవత్సరమే, 1950లో పోయారు. ఏ రోజున పోయారో తెలుసా? ఆగస్టు 29న. ఈ రోజునే.

ఆగస్టు 29 అంటే మనకు గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. అదే తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు ప్రభాకరశాస్త్రిగారి వర్ధంతి అన్నది చాలామందికి తట్టదు. ఒకరు పుట్టిన రోజు, ఇంకొకరు పోయిన రోజు. ఒకరు నేటి మనుషుల నోటిమాటను కాగితం మీదికి తెమ్మన్నారు. ఇంకొకరు పాతవాళ్ల మాటను రేకులమీదనుంచి, తాటాకులమీదనుంచి కాగితం మీదికి తెచ్చారు. పని రెండు వైపులనుంచీ ఒకటే. తెలంగాణలో సెప్టెంబరు 9న, 1914లో పుట్టిన కాళోజీ నారాయణరావుగారి జయంతినాడు, భాషా దినోత్సవం జరుపుకుంటున్నారు. జనం పలుకుబడే భాష అన్న మాట దగ్గర ఆయనా పంతులుగారూ కలుస్తారు.

పంతులుగారి గురించి ఈ సభలో ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. ఆయన మన జాతివాడు. మన జాతి అంటే రిటైరయినవాళ్ల జాతి! 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో 1880లో బడిపంతులుగా చేరారు. అక్కడి కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని అడవుల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైను మూలంగా వినికిడి పోయింది. భాషకోసం చెవులిచ్చుకున్న మనిషి. 1911లో ఉద్యోగం విరమించారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు.

విరమించాక ఆయన ఏంచేశారో చూడండి. ఊరూరా తిరిగి వాడుకభాషకోసం పండితులతో వాదించారు, పుస్తకాలు చేతబట్టుకుని పూర్వకవుల ప్రయోగాలనే సాక్ష్యం చూపించారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. అదే ఏడు రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు. సవర భాషకు వ్యాకరణగ్రంథం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేనాటికి డెబ్భై అయిదేళ్లు. మధ్యలో, 1936లో, పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే ఆ వయస్సులో సామాను సర్దుకుని రాజమండ్రి వచ్చారు. 1940 జనవరి 22న పోయారు. అంతకు కొద్ది రోజుల ముందు కూడా పత్రికలవారితో వాడుకభాష గురించి మాట్లాడారు.

లెక్క వేసుకోండి. ఉద్యోగం చేసింది ముప్ఫై ఒక్క ఏళ్లు, రిటైరయి బతికింది దాదాపు ఇరవై తొమ్మిదేళ్లు. మనం ఈ రోజు ఆయన్ను తలచుకుంటున్నది ఎక్కువగా ఆ రెండో భాగానికే. ఇవాళ వార్తాపత్రిక మనకు అర్థమయ్యే తెలుగులో వస్తున్నదంటే, మన సంఘం పత్రికలో "గ్రాట్యుటీ ఎప్పుడొస్తుంది?" అని మామూలు మాటల్లో అడగగలుగుతున్నామంటే, ఒక పింఛనుదారు పెట్టిన భిక్ష అది.

ఇంకొక ఉద్యోగిని కూడా తలుచుకోవాలి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. పగలు కచేరీ పని, మిగిలిన వేళ తెలుగు. సొంత జీతంనుంచి పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు 693 ఏరి ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. వేమనకు పుట్టిన తేదీ ఇవ్వలేకపోయాడుగాని, పద్యాలు పోకుండా చూశాడు. నిఘంటువు తయారుచేశాడు. ఉద్యోగం విరమించి లండను వెళ్లినా విశ్రాంతి తీసుకోలేదు, అక్కడ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న పోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుమీద భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. అది వెలవడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎంత తిరిగారో, ఎన్ని చందాలు పోగుచేశారో ఆ జిల్లావారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వర్ధంతి ఒకటి ఊరి పండుగగా ఎలా మారుతుందో చెప్పి ముగింపుకు వస్తాను. త్యాగరాజస్వామివారు 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో సిద్ధిపొందారు. తమిళదేశం నడిబొడ్డున కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడిన మహానుభావుడు. ఆ తిథినాటి ఆరాధనకు ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో వస్తారు, టీవీలో చూస్తాం. కాని ఒకప్పుడు ఆ సమాధి పాడుబడి ఉండేది. బెంగుళూరు నాగరత్నమ్మగారు అది చూసి, తాను కచేరీలు చేసి సంపాదించుకున్న సొమ్ముతో స్థలం సంపాదించి, 1921లో ఆలయం పని మొదలుపెట్టించి, 1926లో ప్రతిష్ఠ జరిపించారు. ఆలయం కట్టించిన ఆవిడకే, ఆడది గనుక, ఆరాధనలో పాడేందుకు అవకాశం లేదన్నారు. ఆవిడ దెబ్బలాడారు, ఆడవాళ్లచేత వేరుగా ఆరాధన జరిపించారు. చివరకు 1940 ప్రాంతంలో అందరూ ఒక్కటయ్యారు. 1952లో ఆవిడ పోయారు. ఆవిడ విగ్రహం స్వామివారి సన్నిధికి ఎదురుగానే ఉంది. ఏటా ఆరాధన చూసేటప్పుడు ఆ తల్లిని కూడా ఒకసారి తలచుకోండి. తిథి పంచాంగంలో ఉంటే చాలదు, దాన్ని పట్టుకుని నిలబడే మనిషి ఒకరు కావాలి.

మిత్రులారా, ఇంతసేపూ నేను చెప్పిన వాళ్లందరినీ ఒక వరసలో నిలబెట్టి చూడండి. మూడు రకాల మనుషులు కనబడతారు. పనిచేసినవారు ఒకరు. దాన్ని రాసిపెట్టినవారు ఇంకొకరు. రాసిపెట్టినదాన్ని దుమ్ముదులిపి పైకి తీసినవారు మరొకరు. జయంతి రోజున మనం మొదటివారికి దండ వేస్తాం. రెండోవారు, మూడోవారు లేకపోతే ఆ దండ ఏ రోజున వెయ్యాలో కూడా తెలిసేది కాదు.

మొదటి రకం కావడం మన చేతుల్లో లేదు, అది దైవదత్తం. రెండు, మూడు రకాలు కావడానికి కావలసింది ఓపిక, తీరిక, కాగితం మీద నమ్మకం. ఈ మూడూ పింఛనుదారులకు ఉన్నంతగా లోకంలో ఇంకెవరికున్నాయి? జీవితమంతా మనం చేసింది అదే కదా. తేదీ వేశాం, చుట్టుసంతకం పెట్టాం, ఫైలు చేశాం.

పైగా ఇది వాయిదా వేసే పని కాదు. మన ఇళ్లల్లో అటకలు మాయమైపోయాయి. ఇల్లు అమ్మి ఫ్లాటులోకి మారేటప్పుడు, పాత పెట్టె తెరిచి చూడకుండానే తూకానికి ఇచ్చేస్తున్నారు. అందులో మీ తాతగారి భాగవతం ఉండవచ్చు, మీ మేనత్త రాసుకున్న మంగళహారతుల పుస్తకం ఉండవచ్చు, ఊళ్లో హరికథ చెప్పిన దాసుగారి కరపత్రం ఉండవచ్చు. మన పిల్లలు చెడ్డవాళ్లు కారు. అదేమిటో వాళ్లకు తెలియదు, చెప్పవలసిన మనం చెప్పలేదు, అంతే. ఆ సంగతి తెలిసిన ఆఖరి తరం బహుశా మనమే. మనం లేచిపోతే అట్ట లోపలి ఊదారంగు రాత చదివేవాళ్లుండరు.

అందుచేత నా మనవి ఇది. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఇంటికి వెళ్లి ఒక్క కాగితం రాయండి. మీకు తెలిసిన ఒక కళాకారుడు, ఒక కవి, ఒక బడిపంతులు, ఒక బుర్రకథ దళంవారు, ఎవరైనా సరే, ఒక్కరి గురించి. పుట్టిన తేదీ తెలిస్తే తేదీ, తిథి తెలిస్తే తిథి, రెండూ తెలిస్తే రెండూ. అది మీకు ఎలా తెలిసిందో కూడా రాయండి. పుస్తకం అట్టమీద చూశారా, వాళ్లమ్మాయి చెప్పిందా, మీ జ్ఞాపకమా అన్నది ముఖ్యం. రేపు ఎవరైనా సరిచూసుకోవాలంటే అది కావాలి. 'సుమారు' అయితే సుమారనే రాయండి. మన దగ్గర సుమారు పనికొస్తుంది, తిప్పి పంపం.

ఇంట్లో ఉన్న పాత ఫోటోల వెనక పెన్సిలుతో పేర్లు రాయండి. ఎడమనుంచి కుడికి వరసగా. నిలబడ్డవాళ్లు, కూర్చున్నవాళ్లు, కింద చాపమీదున్న పిల్లలతో సహా. అట్టల లోపల చేతిరాత కనబడితే మనవలచేత సెల్‌ఫోనులో ఫోటో తీయించండి. ఆ పని వాళ్లు సంతోషంగా చేస్తారు, చేస్తూ చేస్తూ నాలుగు ప్రశ్నలడుగుతారు. జవాబు చెప్పండి. చెప్పిన జవాబును కూడా వాళ్లచేతే రాయించండి. ఈ కాగితాలకు రెండు ప్రతులు చేసి, ఒకటి మన సంఘం బీరువాలో, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఉంచే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఏడాదిలో ముప్ఫై కాగితాలు వచ్చినా, ముప్ఫై మందికి పుట్టినరోజు ఇచ్చినట్టే.

చివరగా, అక్కయ్యలకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పూర్వపు అట్టల లోపల కొడుకుల పేర్లు వివరంగా ఉంటాయి. ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి చాలాచోట్ల 'ఆడశిశువు' అని మాత్రమే ఉంటుంది. పెళ్లిపాటలు, లాలిపాటలు, బతుకమ్మ పాటలు, దంపుళ్ల పాటలు మనదాకా మోసుకొచ్చింది ఆ పేరులేని ఆడశిశువులే. మీ అమ్మగారి పేరు, మీ అమ్మమ్మగారి పేరు, వారికి వచ్చిన పాటల పేర్లు, వారు పుట్టిన ఊరు మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. ముందు ఆ కాగితమే రాయండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఇచ్చిన ఇరవై నిమిషాలూ దాటిపోయినట్టున్నాయి. అవతల వేడివేడి ఉప్మా సిద్ధంగా ఉందని కూడా వాసన చెబుతోంది.  వెళ్లేటప్పుడు ద్వారం దగ్గర బల్లమీద తెల్లకాగితాలు పెట్టించాను. తలా ఒకటి తీసుకువెళ్లండి. వచ్చే నెల సమావేశానికి నిండు కాగితంతో రండి.